జీరో షాడో డే నాడు అద్దాల మాల్: జనగామ, మానుకోట, భూపాలపల్లిలో షాపింగ్ మాల్స్ డిజైన్ ఎందుకు మారాలి?

మే రెండో వారం, మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్కన నిటారుగా ఒక కర్ర పాతితే దాని నీడ పక్కకు పడదు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. టీవీల్లో ఏటా చూపించే 'జీరో షాడో డే' ఇదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఈ మూడు జిల్లా కేంద్రాల మీదుగా కూడా సూర్యుడు దాదాపు అదే వారంలో దాటిపోతాడు.

ఆ టైమ్‌లో మెయిన్ రోడ్డు మీద ఉన్న ఏ షాపింగ్ మాల్‌నైనా గమనించండి. ముందంతా అద్దాలు. అద్దం లేని చోట మెరిసే ఏసీపీ షీట్లు. లోపల జనం చల్లగా చీరలు చూసుకుంటుంటారు. బయట ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల పక్కన బండి పెట్టుకున్న పండ్ల వ్యాపారి మీద వేడిగాలి కొడుతుంటుంది.

ప్రకృతిని చూసి మాల్స్ కట్టాలి, ఉన్నవాటిని పర్యావరణానికి తగ్గట్టు మార్చాలి అనే మాట ప్రపంచమంతా వినిపిస్తోంది. మరి మన దగ్గర? ఈ మూడు జిల్లాల్లో బండలున్నాయి, చెరువులున్నాయి, అడవి ఉంది. వేడిని, నీళ్లను, నీడను ఎలా చూసుకోవాలో ఇవి ఎప్పటి నుంచో చేసి చూపిస్తున్నాయి. మాల్స్ మాత్రం వాటి వైపు చూడట్లేదు. అందుకే కరెంటు బిల్లు ఒకరికి, వేడి ఇంకొకరికి, బొగ్గు దుమ్ము మరొకరికి పడుతోంది.

ఇక్కడ 'మాల్' అంటే ఏంటి?

హైదరాబాద్‌లో మాల్ అంటే మల్టీప్లెక్స్, ఫుడ్ కోర్టు, ఎస్కలేటర్లు. జిల్లా కేంద్రాల్లో సీన్ వేరు. ఇక్కడ 'షాపింగ్ మాల్' బోర్డు ఉందంటే ఎక్కువగా అది మూడు నాలుగు అంతస్తుల బట్టల షోరూమే. కింద సెల్లార్, గ్రౌండ్ ఫ్లోర్‌లో చీరలు, పైన పిల్లల బట్టలు, ఆ పైన మెన్స్ వేర్. పెళ్లిళ్ల సీజన్, దసరా, బతుకమ్మకు కిటకిటలాడుతుంది.

ఈ బిల్డింగ్‌ల డిజైన్ పెద్ద సిటీ చూసి కాపీ కొట్టిందే. చలి దేశాల్లో అద్దాల గోడలు పెట్టేది ఎండను లోపలికి రప్పించుకోవడానికి. మనకు కావాల్సింది దానికి ఉల్టా. ముందు ఎండను లోపలికి రానిచ్చి, తర్వాత దాన్ని బయటికి తోలడానికి ఏసీలు పెట్టుకుంటున్నాం.

ఒక చిన్న లెక్క

ఒక మాల్‌లో మొత్తం 40 టన్నుల ఏసీలు ఉన్నాయనుకుందాం. టన్నుకు సుమారు 1.2 కిలోవాట్ల కరెంటు అనుకుంటే మొత్తం 48 కిలోవాట్లు. ఫుల్ లోడ్‌తో రోజుకు 10 గంటలు నడిస్తే 480 యూనిట్లు. యూనిట్ 10 రూపాయల లెక్కన చూసినా రోజుకు 4,800 రూపాయలు, నెలకు లక్షా 44 వేలు. ఇది ఏసీలకు మాత్రమే. లైట్లు, లిఫ్టుల ఖర్చు అదనం.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని ఎత్తి బయట పారేస్తుంది. 40 టన్నుల ఏసీ అంటే లోపలి నుంచి లాగే వేడి 140 కిలోవాట్లు. దానికి ఏసీ వాడుకున్న 48 కిలోవాట్లు కూడా కలుస్తాయి. అంటే దాదాపు 188 కిలోవాట్ల వేడి రోడ్డు మీద పడుతుంది. ఒక్కొక్కటి వెయ్యి వాట్ల రూమ్ హీటర్లు 188 తెచ్చి, నడి ఎండలో బజార్లో పెట్టి ఆన్ చేసినట్టు.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? చాలా వరకు బొగ్గు నుంచే. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు మండించాలి. 480 యూనిట్లకు రోజుకు మూడు క్వింటాళ్ల పైమాటే. భూపాలపల్లి వాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. సింగరేణి గనులు వాళ్ల ఊళ్లోనే ఉన్నాయి. గణపురం మండలం చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది. అద్దాల గోడ లోపలికి తెచ్చిన ఎండను బయటికి పంపడానికి ఆ బొగ్గే కాలుతోంది.

హరారేలో పుట్టను చూసి కట్టారు.. మనం కాపీ కొట్టొచ్చా?

ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా వినిపించే పేరు ఈస్ట్‌గేట్ సెంటర్. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో మొదలైన షాపింగ్, ఆఫీస్ కాంప్లెక్స్ ఇది. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్. చెదపురుగుల పుట్టలను చూసి ఈ డిజైన్ ఆలోచన చేశారు. రాత్రి చల్లగాలిని బిల్డింగ్ లోపలికి లాగి, కాంక్రీటును చల్లబరుస్తారు. పగలు వేడెక్కిన గాలి పైనున్న చిమ్నీల గుండా బయటికి పోతుంది. మామూలు సెంట్రల్ ఏసీ లేకుండానే బిల్డింగ్ నడుస్తుంది.

నాగుల చవితికి పాలు పోసే పుట్టలో ఇంత ఇంజినీరింగ్ ఉందా అని ఆశ్చర్యం వేస్తుంది. కానీ ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, పుట్ట ఏసీలా పనిచేయదని, ఊపిరితిత్తుల్లా గాలి మార్చుకుంటుందని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి. రెండోది, మనకు ఇంకా ముఖ్యమైనది.. హరారే సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ రాత్రిళ్లు బాగా చల్లబడతాయి. మన దగ్గర మే నెల రాత్రి 28, 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చల్లగాలే లేనప్పుడు చిమ్నీ ఏం లాగుతుంది?

కాబట్టి ఈస్ట్‌గేట్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి జనగామలో పెడితే ఎండాకాలంలో ఫెయిల్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఈ పద్ధతి మనకూ పనికొస్తుంది. ఆ నాలుగు నెలలు రాత్రి గాలితో బిల్డింగ్ చల్లబరిచి, ఏసీలు చాలావరకు ఆపేయొచ్చు. అందుకు కనీసం తెరుచుకునే కిటికీలు ఉండాలి. అద్దాలు బిగించేసిన మాల్‌కు ఆ దారి కూడా లేదు.

మన వాతావరణానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. కొండాపూర్ వైపు ఉన్న సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చిన మొదటి బిల్డింగ్ ఇదే. మధ్యలో గుండ్రటి ఆవరణ, గాలిని చల్లబరిచి లోపలికి పంపే రెండు విండ్ టవర్లు, జాలీ గోడలు, పైకప్పు మీద గడ్డి. దీనిలో ఏసీ ఉంది. కానీ ఏసీ మీద పడే భారాన్ని ముందు బిల్డింగే తగ్గిస్తుంది. మనకు కావాల్సిన సూత్రం ఇదే.

జనగామ బండ చెప్పే పాఠం: ముందు నెత్తి కాపాడుకో

జనగామ చుట్టుపక్కల ఎటు చూసినా రాతి గుట్టలే. పొద్దుగూకాక అలాంటి బండ మీద కూర్చున్న వాళ్లెవరికైనా తెలుసు, పగలు తాగిన ఎండను అది రాత్రి కక్కుతుంది. కాంక్రీట్ స్లాబ్ చేసేదీ అదే పని. మధ్యాహ్నమంతా వేడిని పీల్చుకుని సాయంత్రం లోపలికి దింపుతుంది. బట్టల మాల్‌కు గిరాకీ ఎప్పుడు? సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. అంటే జనం నిండే టైమ్‌కే స్లాబ్ వేడి కిందికి దిగుతుంది. ఏసీ డబుల్ డ్యూటీ చేయాల్సి వస్తుంది.

మేలో సూర్యుడు నెత్తి మీద ఉంటాడు కాబట్టి ఎక్కువ ఎండ తినేది పైకప్పే. అందుకే రీడిజైన్ అంటే ముందు అద్దాల వైపు కాదు, డాబా మీదికి చూడాలి. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ గానీ వేస్తే లోపలి వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని అంచనా. దాని పైన సోలార్ ప్యానెళ్లను కొంచెం ఎత్తులో, పందిరిలా వేస్తే రెండు లాభాలు. స్లాబ్‌కు నీడ, మాల్‌కు కరెంటు. ఒక కిలోవాట్ ప్యానెల్‌కు సుమారు 10 చదరపు మీటర్ల జాగా కావాలి, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. 500 చదరపు మీటర్ల డాబా ఉంటే 50 కిలోవాట్లు, రోజుకు 200 యూనిట్లు. పైన చెప్పుకున్న 480లో ఇది నలభై శాతం పైనే.

ఊళ్లల్లో పాత ఇళ్లు చేసిందీ ఇంతే. గూన పెంకులు, మందపాటి మట్టి గోడలు, మధ్యలో మండువా, ముందు అరుగు. గోడకు ఎండ నేరుగా తగలకుండా వసారా. సాధనాలు మారాయి, సూత్రం మాత్రం పాతదే.

నెత్తి తర్వాత పడమర. సాయంత్రం ఎండ అడ్డంగా వచ్చి పడమటి గోడకు కొడుతుంది. అప్పుడు సజ్జ వేసినా పెద్దగా ఆగదు. పడమటి వైపు అద్దం తీసేసి జాలీ గోడ గానీ, నిలువు పలకలు గానీ పెట్టాలి. ముందు భాగం కళగా ఉండాలి కదా అంటారా? జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద పనితనానికి పేరున్న ఊరు. పడమటి జాలీ డిజైన్‌కో, ఎంట్రన్స్‌కో ఆ పని వాడితే అది ఏ ఊరి మాలో చూడగానే తెలుస్తుంది.

మానుకోట చెరువు చెప్పే పాఠం: నీటికి దారి పెట్టు

మహబూబాబాద్ జిల్లా అనగానే కాకతీయుల కాలం నాటి బయ్యారం పెద్దచెరువు గుర్తొస్తుంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల లెక్క సింపుల్. పై చెరువు నిండితే అలుగు దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. చుక్క వృథా కాదు, కట్ట తెగదు.

మాల్‌కు కూడా ఇదే వరస పెట్టొచ్చు. డాబా మీద పడ్డ వాన ముందు ట్యాంకుకు, ట్యాంకు నిండితే ఇంకుడు గుంతకు, అదీ నిండితే అలుగులా బయటి కాలువకు. 500 చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్ల నీళ్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది.

నీళ్లకు దారి చూపకపోతే ఏమవుతుందో ఈ జిల్లాలు కళ్లారా చూశాయి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి నీట మునిగింది. అదే సమయంలో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది.

లక్ష్మీదేవిపేటలో పడినంత వాన అదే 500 చదరపు మీటర్ల డాబా మీద పడితే మూడు లక్షల లీటర్లు దాటుతుంది. దాన్నంతా ఏ ఇంకుడు గుంతా తాగలేదు. కానీ ఆ నీళ్లు సెల్లార్‌లోకి పోకుండా, పక్కింటి మీద పడకుండా పోయే దారి మాత్రం డిజైన్‌లోనే ఉండాలి. సెల్లార్‌లో కరెంటు ప్యానెల్ బోర్డు, జనరేటర్ పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. వాటిని ముందుగా పైకి మార్చాలి.

భూపాలపల్లి అడవి చెప్పే పాఠం: ఏ చెట్టు, ఎప్పుడు నీడ ఇస్తుంది?

'గ్రీన్ మాల్' అనగానే చాలా మంది చేసే పని గోడకు ప్లాస్టిక్ ఆకులు అతికించడం, గేటు ముందు కుండీల్లో పామ్ మొక్కలు పెట్టడం. వాటితో ఫొటో బాగుంటుంది. నీడ రాదు.

అడవిలో కూడా అన్ని చెట్లూ ఒకేలా ఉండవు. టేకు చెట్టు ఎండాకాలానికి ఆకులు రాల్చేస్తుంది. నీడ ఎక్కువ కావాల్సినప్పుడే మోడుగా నిలబడుతుంది. వేప, కానుగ మాత్రం ఎండలు ముదిరే నాటికి కొత్త చిగుర్లతో నిండుగా ఉంటాయి. పడమటి వైపు, పార్కింగ్ దగ్గర ఈ చెట్లు వేస్తే గోడకు, బండ్లకు, బయట నిలబడే వ్యాపారులకు నీడ. అంగడి రోజున చింతచెట్టు కింద ఎందుకు జనం చేరతారో వేరే చెప్పాలా?

ఇంకో పాఠం రామప్ప నుంచి. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడేదాకా రామప్ప గుడి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఈ గుడి శిఖరాన్ని నీళ్లలో తేలే తేలికైన ఇటుకలతో కట్టారు. బరువు తగ్గించడమే దాని ప్రధాన ప్రయోజనం. ఇప్పుడు మార్కెట్లో దొరికే తేలికపాటి ఏఏసీ బ్లాకుల్లోనూ అలాంటి గాలి రంధ్రాలే ఉంటాయి. వాటి వల్ల బరువు తగ్గుతుంది, వేడి కూడా నెమ్మదిగా లోపలికి వస్తుంది. ఎండకు కాలే పడమటి గోడకు అద్దం బదులు ఇలాంటి బ్లాకు పెడితే తేడా మొదటి ఎండాకాలంలోనే తెలుస్తుంది.

గాలి ఆడకపోతే బిల్లుతో పోదు

ఇది ఒక్క కరెంటు బిల్లు సమస్యే అయితే వ్యాపారుల లెక్క అని వదిలేయొచ్చు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు ఆరుగురు యువతీ యువకులు చనిపోయారు. పొగకు ఊపిరాడక పోయిన ప్రాణాలవి. ఉపాధి కోసం సిటీకి వెళ్లిన పిల్లలు. వాళ్లలో మహబూబాబాద్ జిల్లా వాళ్లూ ఉన్నారు.

కాబట్టి బిల్డింగ్ గాలి పీల్చాలి అనేది అందం కోసం చెప్పే మాట కాదు. తెరుచుకునే కిటికీలు, పొగ పైకి పోయే దారి, సామాన్లు అడ్డం పెట్టని రెండో మెట్లదారి.. ఇవన్నీ రీడిజైన్‌లో భాగమే. ఒక జాగ్రత్త కూడా ఉంది. గాలి కోసమని మధ్యలో పైదాకా ఖాళీ వదిలితే, మంటలప్పుడు అదే పొగను అన్ని అంతస్తులకు మోస్తుంది. అందుకే పైన పొగ బయటికి పోయే ఏర్పాటు లేకుండా ఈ పని చేయొద్దు. ఫైర్ ఇంజినీర్ చూడకుండా అసలే వద్దు.

రూల్స్ ఉన్నాయి.. మాల్స్ ఎక్కడ జారిపోతున్నాయి?

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023 ఏప్రిల్ 3న వచ్చింది. 2023 నుంచి 2028 దాకా అమల్లో ఉంటుంది. కమర్షియల్ బిల్డింగ్‌లకు సైజుతో సంబంధం లేకుండా కూల్ రూఫ్ తప్పనిసరి. ఇళ్లకైతే 600 చదరపు గజాలు దాటితేనే. హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కూల్ రూఫ్ టార్గెట్.

మంచి పాలసీనే. కానీ దాని పట్టు అంతా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గరే. అంటే కొత్తగా కట్టే బిల్డింగ్ దగ్గరే. ఇప్పటికే కట్టేసి, సర్టిఫికెట్ తీసుకుని, అద్దాలు బిగించేసిన మాల్‌ను ఆ పట్టు తాకదు.

రెండోది ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్. 2017 కోడ్ ప్రకారం గోడలో కిటికీలు, అద్దాల వాటా 40 శాతం దాటకూడదు. కానీ జాతీయ స్థాయిలో ఈ కోడ్ వర్తించేది 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ డిమాండ్ నుంచి. మన లెక్కలోని మాల్ ఏసీలు 48 కిలోవాట్లు. లైట్లు, లిఫ్టు కలిపినా ఆ గీత కిందే ఆగిపోవచ్చు. సిటీ మాల్‌ను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత ఇది. జిల్లా కేంద్రం మాల్ దాని కింద నుంచి జారిపోతుంది.

దారి లేదా అంటే ఉంది. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం ప్రకారం రాష్ట్రాలు ఈ పరిమితిని ఇంకా తగ్గించుకోవచ్చు. చిన్న పట్టణాల కమర్షియల్ బిల్డింగ్‌లను కోడ్ కిందికి తేవాలంటే ఆ ఒక్క నిర్ణయం చాలా పని చేస్తుంది.

అసలు చిక్కు: ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది

టెక్నాలజీ కష్టమేం కాదు. మరి ఎందుకు జరగట్లేదు? చాలా చోట్ల బిల్డింగ్ ఓనర్ ఒకరు, షోరూమ్ నడిపేది ఇంకొకరు. కూల్ రూఫ్ వేయించాల్సింది ఓనర్, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్న వ్యాపారి. బిల్లు తగ్గితే ఓనర్‌కు పైసా రాదు. లీజు అయిపోతే పెట్టిన ఖర్చు పోతుందని వ్యాపారి ముందుకు రాడు. ఇద్దరి మధ్య స్లాబ్ కాలుతూనే ఉంటుంది.

దీనికి మందు లీజు అగ్రిమెంట్‌లోనే ఉంది. పైకప్పు, పడమటి గోడ పనుల ఖర్చు ఓనర్ పెట్టి, మిగిలిన కరెంటు బిల్లులో కొంత వాటా కొన్నేళ్లు తీసుకోవడం. ఈ మాట అద్దె మాట్లాడుకునేటప్పుడే రాసుకోవాలి.

ఈ లెక్కలో అస్సలు కనిపించని వాళ్లు ఇంకొందరున్నారు. ఔట్‌డోర్ యూనిట్ల పక్కన బండి పెట్టుకునే వాళ్లు, ఆటో స్టాండ్ డ్రైవర్లు, పై అంతస్తులో రోజంతా నిలబడి పనిచేసే సేల్స్ స్టాఫ్. వీళ్లు ఏ అగ్రిమెంట్‌లోనూ సంతకం పెట్టరు. మున్సిపాలిటీ చూడాల్సింది వీళ్ల తరఫునే. ఔట్‌డోర్ యూనిట్లు ఫుట్‌పాత్ ఎత్తులో కాకుండా డాబా మీదే పెట్టాలనే ఒక్క కండిషన్ పెట్టినా రోడ్డు మీద వాళ్లకు ఊరట.

ఏది ముందు? ఏది తర్వాత?

ఉన్న మాల్‌ను కూలగొట్టాల్సిన పని లేదు. ఖర్చు తక్కువ దాని నుంచి ఎక్కువకు ఈ వరసలో వెళ్లొచ్చు.

- ఏసీ 20 డిగ్రీల నుంచి 24కు పెంచడం. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. మన ఉదాహరణలో రోజుకు వంద యూనిట్లకు పైగా. ఖర్చు సున్నా.
- డాబాకు కూల్ రూఫ్.
- పడమటి అద్దాలకు బయట నుంచి నీడ. లోపల కర్టెన్ వేస్తే లాభం తక్కువ, అప్పటికే వేడి లోపలికి వచ్చేసి ఉంటుంది.
- తెరుచుకునే కిటికీలు, పొగ పోయే దారి, సెల్లార్ నుంచి కరెంటు బోర్డు పైకి.
- వాన నీటికి ట్యాంకు, ఇంకుడు గుంత, అలుగు.
- సోలార్ పందిరి.
- చివర్లో, కొత్త ఏసీ. పై పనులన్నీ అయ్యాక చూస్తే 40 టన్నులు అక్కర్లేకపోవచ్చు.

చాలా మంది ఓనర్లు మొదలుపెట్టేది ఈ లిస్టు చివరి నుంచి. పాత ఏసీ సరిపోవట్లేదని ఇంకో పది టన్నులు తెస్తారు. బయట ఇంకో పది టన్నుల వేడి పెరుగుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలై 2016 అక్టోబర్ 11 నుంచి లెక్కేస్తే పట్టుమని రెండు దశాబ్దాలు కూడా కాలేదు. జిల్లా కేంద్రాలుగా ఈ పట్టణాలు ఇంకా కట్టుకుంటూనే ఉన్నాయి. వచ్చే పదేళ్లలో మెయిన్ రోడ్డు మీద లేచే బిల్డింగ్‌లు ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్లు అక్కడే ఉంటాయి. అందుకే మున్సిపల్ ఆఫీసులో పర్మిషన్ ఫైలు ముందుకు వచ్చిన రోజే అడగాల్సిన ప్రశ్నలు మూడు. డాబా ఏ రంగు? పడమర వైపు ఏముంది? వాన నీళ్లు ఎటు పోతాయి?